పెళ్ళి కాలనీ అంతటికీ తెలుసు, కాగితానికి తెలీదు

 

పోస్టు కొంచెం పొడుగ్గా ఉంటుంది, ఓపిగ్గా చదవండి. యూరప్ గురించి, వీసాల గురించి రాస్తున్నాం. "మనకెందుకులే" అని దాటేయకండి. ఇందులో సగం మన పంచాయతీలో, మన సచివాలయంలో, మన ఇంట్లో ట్రంకు పెట్టెలో జరిగే విషయమే.

మేం నలుగురం దిండి దగ్గర ఎరుకల కాలనీ ఆడపిల్లలం. హాస్టల్లో ఉండి డిగ్రీ చదువుతున్నాం. మా నలుగురి ఇళ్ళల్లోనూ కాలేజీ మెట్లెక్కింది మేమే మొదలు. దిండి అంటే బయటివాళ్ళకి వశిష్ఠ గోదావరి, హౌస్‌బోట్లు, టూరిజం వాళ్ళ రిసార్టు, చించినాడ వంతెన గుర్తొస్తాయి. మా ఇళ్ళు ఆ ఫొటోల్లో పడవు. అయినా అదే ఊరు.

మా కాలనీలో ఒక అక్క ఉంది. పేరు రాయడం లేదు, తనే వద్దంది. బావ కూడా మనవాడే. ఫీజు రీయింబర్స్‌మెంట్ మీద ఇంజనీరింగ్ చదివి, కంపెనీలో చేరి, 2022లో జర్మనీ వెళ్ళాడు. 2023లో అక్క కూడా వెళ్ళింది. మా కాలనీ నుంచి విమానం ఎక్కి యూరప్ వెళ్ళిన మొదటి ఆడమనిషి. నెలలు నిండుతున్నాయని కాన్పుకి పుట్టింటికి వచ్చింది. తను ఇక్కడుండగానే బావకి నెదర్లాండ్స్‌లో ఐండ్‌హోవెన్ ఊళ్ళో మంచి ఉద్యోగం వచ్చింది, మారిపోయాడు. శ్రావణంలో పాప పుట్టింది. అక్కడి నుంచి మొదలైంది కాగితాల పని. ఇంగ్లీషు మెయిల్ వస్తే చదివి పెట్టేవాళ్ళు కాలనీలో మేమే కాబట్టి, శనాదివారాలు హాస్టల్ నుంచి వచ్చి అక్క పక్కన కూర్చున్నాం. ఆ కూర్చోవడంలో తెలుసుకున్నవే ఇవన్నీ.

ముందు ఒక మాట. మా కోనసీమలో విదేశం అంటే గల్ఫే. రాజోలు, మలికిపురం, అమలాపురం వైపు ఏ వీధిలో అడిగినా కువైట్, ఖతార్, దుబాయ్ వెళ్ళినవాళ్ళు ఉంటారు. కువైట్‌లో ఇంటిపనికి వెళ్ళేవాళ్ళది 20 నంబరు వీసా, కంపెనీ పనికి 18, కుటుంబానికి 22 అని చదువు రానివాళ్ళు కూడా చెప్పేస్తారు. ఇంటిపని వీసా మీద వెళ్ళిన అమ్మ తన మొగుణ్ణి గానీ పిల్లల్ని గానీ తీసుకెళ్ళలేదు. జీతం ఇంత ఉంటేనే కుటుంబ వీసా అని అక్కడ లెక్క. అందుకే మా వైపు గల్ఫ్ అంటే మొగుడు ఒక ఒడ్డున, పెళ్ళాం ఒక ఒడ్డున. జనానికి అది అలవాటైపోయింది. అక్క విషయంలో కూడా "పర్లేదులే, రెండేళ్ళకోసారి వస్తాడు" అన్నారు పెద్దాళ్ళు. అక్క ఒప్పుకోలేదు. "మాకు కలిసి ఉండే హక్కు ఉందంట. అది రాసి ఉందంట. నేనెందుకు వదులుకోవాలి?" అంది.

నిజంగానే రాసి ఉంది. యూరోపియన్ యూనియన్‌లో 27 దేశాలున్నాయి. చదువుకుని, తగిన జీతంతో ఉద్యోగం దొరికిన బయటిదేశం వాళ్ళకి ఇచ్చే అనుమతి కార్డుని బ్లూ కార్డ్ అంటారు. డెన్మార్క్, ఐర్లాండ్ తప్ప మిగతా 25 దేశాల్లో ఇది ఉంది. దీని మీద 2021లో కొత్త చట్టం చేశారు. దాని ప్రకారం ఒక దేశంలో బ్లూ కార్డ్ మీద 12 నెలలు ఉన్నాక రెండో దేశానికి మారొచ్చు. దిగిన నెలలోపు అక్కడ అప్లికేషన్ పెట్టాలి. భార్య, పిల్లలు కూడా వెంట రావొచ్చు, వాళ్ళ అప్లికేషన్ కూడా నెలలోపే. అన్నీ సరిగ్గా ఉంటే 30 రోజుల్లో తేల్చాలి, తప్పనిసరైతే ఇంకో 30 రోజులు పొడిగించుకోవచ్చు. భార్యకి అక్కడ ఉద్యోగం చేసుకునే హక్కు కూడా ఉంటుంది.

వినడానికి సుఖంగా ఉంది కదండీ. మెలిక ఎక్కడుందంటే, కార్డు దేశం దాటదు. మనిషి దాటుతుంది.

అక్క దగ్గర జర్మనీ వాళ్ళిచ్చిన కార్డు ఉంది. "వీసా ఉందిగా, ఇంకేం కావాలి?" అన్నారు మావాళ్ళు. ఆ కార్డు మీద షెంగెన్ దేశాల్లో చుట్టపుచూపుగా తిరగొచ్చు, 180 రోజుల్లో 90 రోజులు. కాపురం చెయ్యడానికి లేదు. కాపురం చెయ్యాలంటే ఆ దేశపు కార్డే కావాలి. పైగా అక్క కార్డు నిలబడింది బావ కార్డు మీద. బావ జర్మనీ వదిలేశాక దాని కింద నేల జారిపోయినట్టే. ఇటు నెదర్లాండ్స్ కార్డు ఇంకా రాలేదు. మధ్యలో అక్క, ఒళ్ళో పాప.

మన పిల్లలకి ఇది కొత్త సంగతి కాదు, ఒక్కసారి ఆలోచించండి. మన ఎస్టీ హోదా కూడా రాష్ట్రం దాటదు. రాజ్యాంగం 342 కింద జాబితా రాష్ట్రానికొకటి ఉంటుంది. ఇక్కడ లంబాడా ఎస్టీ, మహారాష్ట్రలో అదే బంజారా విముక్త జాతి, కర్ణాటకలో ఎస్సీ. మన ఎరుకలవాళ్ళు ఇక్కడ ఎస్టీ, కర్ణాటకలో మన బంధువులైన కొరచలు ఎస్సీ. ఒక రాష్ట్రంలో ఎస్టీ అయినవాడు ఇంకో రాష్ట్రానికి వలసపోతే అక్కడ ఆ రిజర్వేషన్ అడగలేడని సుప్రీంకోర్టు 1990లో మర్రి చంద్రశేఖరరావు కేసులో చెప్పింది. మనిషి అదే, పుట్టుక అదే, సరిహద్దు దాటగానే కాగితానికి విలువ మారిపోతుంది. అక్క గొడవ కూడా అదే, కాకపోతే సముద్రం అవతల.

ఇక పాప సంగతి. అక్కయితే చేతిలో చెల్లే జర్మనీ కార్డు ఉంది కాబట్టి అది చూపించి దిగి, నెలలోపు అప్లికేషన్ పెట్టుకోవచ్చు. పాప ఎప్పుడూ జర్మనీలో లేదు. పాపకి ఏ కార్డూ లేదు. చట్టంలో ఆ సుళువైన దారి, మొదటి దేశంలోనే కుటుంబంగా కలిసి ఉన్నవాళ్ళకి. పాపకి మామూలు దారే, ముందు ప్రవేశ వీసా తీసుకుని దిగాలి. దానికి గడువు 30 కాదు, 90 రోజులు. తల్లి వెళ్ళొచ్చు, పాలు తాగే పిల్ల వెళ్ళకూడదు. ఇద్దరూ ఆగిపోయారు. అక్క కార్డు మీద గడువేమో ఫిబ్రవరి నెలాఖరు.

అక్కడివాళ్ళు అడిగినవి మూడు కాగితాలు. పెళ్ళిది, అక్క పుట్టుకది, పాప పుట్టుకది. కార్డు ఇచ్చే ఆఫీసు ఒకటైతే, అక్కడ ఊళ్ళో కాపురం ఉన్నట్టు మునిసిపాలిటీలో పేరు రాయించుకోవాలి, అది వేరే. వాళ్ళకి కూడా ఈ కాగితాలే కావాలి, అన్నిటి మీదా అపోస్టిల్ ముద్ర ఉండాలి. ఒక్కోదాని కథ చెప్తాం.

మొదటిది పెళ్ళి. 2021లో జరిగింది. మా పద్ధతిలో, పెద్దమనుషులు కూర్చుని, ఓలి లెక్క చెప్పుకుని, నల్లపూసలు కట్టించి, కాలనీ అంతా భోజనం చేసి. కరోనా రోజులు కాబట్టి ఫొటోలు కూడా ఫోన్లో తీసినవే. ఆ పెళ్ళి నిజమా కాదా అని మా కాలనీలో ఎవడూ అడగడు. పెళ్ళికి వచ్చినవాళ్ళే దస్తావేజు. కానీ 2023లో జర్మనీ వీసాకి సర్టిఫికెట్ కావాల్సి వచ్చి ఆఫీసుకి వెళ్తే, అక్కడున్నాయన హిందూ వివాహ చట్టం ఫారం తీసి ముందు పెట్టాడు.

ఇది అందరూ గుర్తుపెట్టుకోండి. 1955 హిందూ వివాహ చట్టంలో 2(2) సెక్షన్ ఉంది. కేంద్ర ప్రభుత్వం ప్రత్యేకంగా నోటిఫై చేస్తే తప్ప ఆ చట్టం షెడ్యూల్డ్ తెగలకి వర్తించదు. మన పెళ్ళిళ్ళకి మన ఆచారమే చట్టం. ఇది మన గౌరవం, నిజమే. కానీ ఆచారాన్ని రుజువు చేసుకోవాల్సిన బరువు కూడా మన మీదే పడుతుంది. 2001లో సుప్రీంకోర్టులో సూరజ్‌మణి స్టెల్లా కుజూర్ కేసు వచ్చింది. ఆమె ఓరాన్, భర్త సంతాల్. భర్త రెండో పెళ్ళి చేసుకున్నాడని ఆమె కేసు పెట్టింది. తమ తెగలో రెండో పెళ్ళి చెల్లదనే ఆచారం ఉందని చట్టం అడిగే పద్ధతిలో చూపించలేకపోయిందని ఆమె ఓడిపోయింది. తెగలో అందరికీ తెలిసిన సంగతి కోర్టుకి తెలియలేదు.

అయితే దారి లేదా అంటే ఉంది. ఆంధ్రప్రదేశ్ వివాహాల తప్పనిసరి నమోదు చట్టం 2002లో వచ్చింది. ఏ మతమైనా, ఏ ఆచారమైనా, పెళ్ళి జరిగితే నమోదు చెయ్యాలి. 2006 ఫిబ్రవరి 14న సీమ కేసులో సుప్రీంకోర్టు కూడా అన్ని మతాలవాళ్ళ పెళ్ళిళ్ళూ నమోదు కావాలని చెప్పింది. లా చదివే మనవాడొక అన్న ఈ సెక్షన్లు ప్రింటు తీసి ఇస్తే, అక్కా బావా ఆ కాగితం పట్టుకుని వెళ్ళి 2002 చట్టం కింద రాయించుకున్నారు. ఆఫీసాయన చదివి, "ఇదెప్పుడూ ఎవరూ అడగలేదమ్మా" అన్నాడంట. అడగాలి మరి. ఇంకో దారి 1954 ప్రత్యేక వివాహ చట్టం 15వ సెక్షన్. ముందే జరిగిన పెళ్ళిని దాని కింద రిజిస్టర్ చేయించుకోవచ్చు, 30 రోజుల నోటీసు ఉంటుంది, ఇద్దరికీ 21 నిండి ఉండాలి.

సర్టిఫికెట్ వచ్చింది కదా, అయిపోయిందనుకున్నారు. జర్మనీ వాళ్ళు మన దేశపు అపోస్టిల్‌ని ఒప్పుకోరు. వాళ్ళకి అనుమానం వచ్చినా, అవసరం అనుకున్నా ఇక్కడ ఒక లాయరుని పెట్టి కాగితం నిజమో కాదో ఊళ్ళోకి వచ్చి విచారిస్తారు. ఖర్చు మనదే. అలాగే ఒకాయన ఒకరోజు పొద్దున్నే ఫైలు పట్టుకుని మా కాలనీకి వచ్చాడు. ఇంటింటికీ తిరిగి "ఫలానా అమ్మాయికి ఫలానా అబ్బాయితో పెళ్ళయిందా? ఎప్పుడు? మీరు చూశారా?" అని అడిగాడు.

అక్క వాళ్ళ మామ్మకి ఎనభై దాటాయి. ఆయన అడిగేసరికి మామ్మ లోపలికి వెళ్ళిపోయి తలుపేసుకుంది. "మావాడు ఏ దొంగతనం చెయ్యలేదు బాబూ" అంది తలుపు వెనక నుంచి. ఆయనకి అర్థం కాలేదు. మాకు అర్థమైంది.

తెలియనివాళ్ళ కోసం చెప్తున్నాం. ఇంగ్లీషువాళ్ళు 1871లో నేరస్థ జాతుల చట్టం తెచ్చారు. 1911 చట్టంతో అది మద్రాసు రాజధానికీ వచ్చింది, మనవాళ్ళని ఆ జాబితాలో రాశారు. పుట్టడమే నేరం. రిజిస్టర్లో వేలిముద్ర వెయ్యాలి, పోలీసుల ముందు హాజరు చెప్పాలి, ఊరు దాటాలంటే అనుమతి చీటీ ఉండాలి. 1913లో బాపట్ల దగ్గర స్టువార్టుపురం సెటిల్‌మెంటు పెట్టి సాల్వేషన్ ఆర్మీ చేతిలో పెట్టారు. ఆ చట్టం దేశమంతటా రద్దయింది 1952 ఆగస్టు 31న. అప్పటికి మామ్మ చిన్నపిల్ల. వాళ్ళ నాన్న సంబంధం చూడటానికి పక్క ఊరు వెళ్ళాలన్నా చీటీ అడుక్కునేవాడని చెప్తుంది. చీటీలో ఎక్కడికి, ఎన్నాళ్ళు, ఎప్పుడు తిరిగొస్తావు అని రాసేవాళ్ళంట.

మేం అక్క కార్డు చేతిలోకి తీసుకుని చూశాం. దాని మీద కూడా ఎక్కడ, ఎన్నాళ్ళు అని ఉంది. రెండూ ఒకటే అని మేం అనడం లేదు. ఆ చీటీ మన కాళ్ళు కట్టెయ్యడానికి, ఈ కార్డు అక్క అడిగి తెచ్చుకున్నది. కానీ కాగితం చూస్తే మన ఇళ్ళల్లో పెద్దాళ్ళు ఎందుకు దూరం జరుగుతారో మాకు ఆరోజు తెలిసింది. మన పేరు ఏ రిజిస్టర్లో ఎక్కినా అది మనల్ని పట్టుకోవడానికే అన్న అనుభవం వాళ్ళది. అందుకే పెళ్ళి రాయించరు, పుట్టుక రాయించరు. ఇది అజ్ఞానం కాదు, వాళ్ళకి జరిగిందాని జ్ఞాపకం. "మీ వాళ్ళకి అవేర్‌నెస్ ఉండదమ్మా" అని ఎవరైనా అంటే ఈ మాట చెప్పండి.

చివరికి మామ్మకి అక్కే నచ్చజెప్పింది. "ఈయన మనల్ని పట్టుకోవడానికి రాలేదు మామ్మా, నా పెళ్ళికి సాక్ష్యం అడగడానికి వచ్చాడు" అంది. అప్పుడు మామ్మ బయటికి వచ్చి, పెళ్ళిలో వడ్డించిన కూరతో సహా చెప్పింది. ఆయన అన్నీ రాసుకున్నాడు.

ఇదంతా 2023 నాటిది. ఇప్పుడు నెదర్లాండ్స్‌కి ఆ విచారణ పనికిరాదు. వాళ్ళకి అపోస్టిల్ కావాలి. అపోస్టిల్ అంటే ఇది ఫలానా దేశపు సర్కారు ఇచ్చిన అసలు కాగితమే అని విదేశాంగ శాఖ వేసే ముద్ర. మన దేశం ఆ ఒప్పందంలో 2005లో చేరింది. ముందు రాష్ట్ర ప్రభుత్వం ధ్రువీకరించాలి, తర్వాత విదేశాంగ శాఖ. శాఖకి కట్టేది కాగితానికి 50 రూపాయలే. కానీ మనం నేరుగా వెళ్ళి ఇస్తే తీసుకోరు, వాళ్ళు పెట్టిన ఏజెన్సీల ద్వారా వెళ్ళాలి. వాళ్ళ సర్వీసు, కొరియర్, తిరుగుడు కలిపితే 50 ఎక్కడికో పోతుంది. అక్క కాగితం మీద సంతకం చేసిన అధికారి బదిలీ అయిపోయాడు, ఆ సంతకం నమూనా పైన దొరకలేదు. కొత్త కాపీ తీయించి మళ్ళీ మొదటి నుంచి పంపాం. ఒకటే పెళ్ళి, రెండు దేశాలు, రెండు రకాల రుజువులు.

రెండో కాగితం అక్క పుట్టుక. ఇదే అన్నిటికన్నా ఏడిపించింది. అక్క ఇంట్లో పుట్టింది, మంత్రసాని చేతిమీద. బడిలో వేసినప్పుడు మాస్టారు రాసుకున్న తేదీయే పుట్టినరోజు. పదో తరగతి మెమో మీద, ఆధార్ మీద, పాస్‌పోర్టు మీద అదే ఉంది. ఇన్నేళ్ళూ దాంతోనే నడిచింది. ఇప్పుడు బర్త్ సర్టిఫికెట్ అంటే లేదు.

1969 జనన మరణాల నమోదు చట్టం ప్రకారం 21 రోజుల్లో చెప్తే ఊరికే రాస్తారు. ఏడాది దాటితే 13(3) సెక్షన్ కింద పై అధికారి ఉత్తర్వు కావాలి. ఒకప్పుడు కోర్టు మేజిస్ట్రేటు ఇచ్చేవాడు. 2023లో చట్టం మార్చారు, ఆ ఏడాది అక్టోబరు 1 నుంచి అమలు. ఇప్పుడు జిల్లా మేజిస్ట్రేటు, సబ్ డివిజనల్ మేజిస్ట్రేటు, లేదా వాళ్ళు అధికారం ఇచ్చిన ఎగ్జిక్యూటివ్ మేజిస్ట్రేటు ఇవ్వొచ్చు. మనకి కోర్టు తిరుగుడు తప్పింది. కానీ ముందు రిజిస్టర్లో పేరు లేదని రాయించుకోవాలి, అఫిడవిట్ వెయ్యాలి, బడి రికార్డు పెట్టాలి, విచారణ జరగాలి. సాక్షిగా మంత్రసాని ఉంటే బాగుండేది, ఆమె చనిపోయి చాలా ఏళ్ళయింది. పక్కింటి పెద్దమ్మ వచ్చి "తుఫాను ఏడాది పుట్టింది, ఈ చేతుల్తోనే బొడ్డు కడిగాను" అని చెప్పింది. కోనసీమలో తుఫాను ఏడాది అంటే 1996. సంవత్సరం కలిసింది. దీనికి రెండు నెలలు పైనే పట్టింది. పాప బోర్లా పడటం నేర్చుకుంది ఈలోపు. బావ వీడియో కాల్లో చూశాడు.

ఇంకో చిక్కు పేరు. బడిలో ఇంటిపేరు ఒక్క అక్షరం, ఆధార్‌లో పూర్తి ఇంటిపేరు, పాస్‌పోర్టులో ఇంటిపేరు వెనక. మనకి మూడూ ఒకటే మనిషి. వాళ్ళకి ముగ్గురు మనుషులు. ముగ్గురూ ఒకరే అని ఇంకో అఫిడవిట్.

మూడో కాగితం పాప పుట్టుక. దీని గురించి రాయడానికేం లేదు. ఆసుపత్రిలో పుట్టింది, వారం తిరగకుండా రాసేశారు, పాస్‌పోర్టులో ఉన్నట్టే తల్లిదండ్రుల పేర్లు స్పెల్లింగ్ చూసుకుని మరీ చెప్పాం. మామ్మకి ఏ కాగితమూ లేదు. అక్కకి ఇరవయ్యేళ్ళు దాటాక వచ్చింది. పాపకి వారంలో వచ్చింది. మూడు తరాల్లో మనం నడిచిన దూరం ఎంతో ఇంతకన్నా తేలిగ్గా చెప్పలేం.

డిసెంబరులో అన్నీ ముద్రలు పడి వచ్చాయి. బావ అక్కడ పాపకి అప్లికేషన్ పెట్టాడు. గడువు 90 రోజులన్నా అంతకన్నా ముందే వచ్చింది. జనవరి ఆఖరులో పాపకి వీసా అంటించారు. ఫిబ్రవరి రెండో వారంలో తల్లీ పిల్లా వెళ్ళారు, అక్క పాత కార్డు గడువుకి సరిగ్గా పదిహేను రోజులుందనగా. దిగిన వారంలోనే అక్క తన అప్లికేషన్ పెట్టుకుంది. ఇది రాస్తున్నప్పటికి కొత్త కార్డు ఇంకా చేతికి రాలేదు, అప్లికేషన్ నడుస్తోంది. నాన్న దగ్గరికి వెళ్ళేసరికి పాపకి ఆరో నెల.

మాతో పాటు చదివే అమ్మాయిలకి ఇంకొక్క సంగతి. భార్యగా వచ్చే కార్డు భర్త మీద ఆధారపడుతుంది. కాపురం చెడితే కార్డు కూడా ఊగుతుంది. సొంత హక్కు రావడానికి కొన్నేళ్ళు పడుతుంది. జర్మనీలో సాధారణంగా అక్కడ మూడేళ్ళు కలిసి కాపురం చేశాక, నెదర్లాండ్స్‌లో ఐదేళ్ళకి. భర్త హింసపెడితే అంతవరకూ ఆగక్కర్లేకుండా రెండు చోట్లా మినహాయింపులున్నాయి. అక్కకి ఆ బాధ లేదు, బావ మంచోడు. అయినా మేం అడిగాం, "అక్కా, ఈ కార్డు నీదా బావదా?" అని. "ఇప్పటికి బావది. నాకూ ఉద్యోగం దొరికితే నాది" అంది. పాపని పడుకోబెట్టి రాత్రిళ్ళు డచ్ భాష నేర్చుకుంటోంది.

"మాకెందుకు ఇదంతా, మేం ఏ దేశం పోతాం" అనుకోకండి. గిరిజన వ్యవహారాల మంత్రిత్వ శాఖ ఏటా 20 మంది ఎస్టీ పిల్లలకి విదేశీ చదువు స్కాలర్‌షిప్ ఇస్తుంది, అందులో 3 ఆదిమ తెగల పిల్లలకి. ఈ గ్రూపులోనే ఎవరో ఒకరు వెళ్తారు. వెళ్ళకపోయినా వితంతు పింఛనుకి, ఆస్తికి, పిల్లల కులపత్రానికి, ఇవే కాగితాలు. మొగుడు పోయాక "నువ్వు ఆయన భార్యవేనా?" అని అడిగితే మన అమ్మల దగ్గర చూపించడానికి ఏముంది?

అందుకని చెయ్యాల్సినవి:

1. మీ ఇంట్లో పెళ్ళయినవాళ్ళు ఎవరున్నా, పాత పెళ్ళయినా సరే, నమోదు ఎలా చేయించాలో గ్రామ సచివాలయంలో అడగండి. ఏ చట్టం కింద రాస్తున్నారో ఫారం మీద చదవండి. ఎస్టీలకి 1955 చట్టం 2(2) సంగతి గుర్తుంచుకోండి.

2. పెళ్ళిలో శుభలేఖ వెయ్యండి, చిన్నదైనా సరే. తేదీ, ఊరు, ఇద్దరి పూర్తి పేర్లు ఉండాలి. పెద్దమనుషులతో ఒక కాగితం మీద సంతకాలు చేయించండి. ఆచారానికి అదే ఆధారం.

3. బిడ్డ పుట్టిన 21 రోజుల్లో రాయించండి. పేరు పెట్టకపోయినా ముందు పుట్టుక రాయించొచ్చు, పేరు తర్వాత చేర్చొచ్చు.

4. మీ సొంత బర్త్ సర్టిఫికెట్ ఉందో లేదో ఇవాళే చూడండి. లేకపోతే అవసరం రాకముందే మొదలుపెట్టండి. అవసరం వచ్చాక రెండు నెలలు చాలా పొడుగు.

5. పదో తరగతి మెమో, ఆధార్, పాస్‌పోర్టు, మూడింటిలో పేరు అక్షరం అక్షరం ఒకేలా ఉందో చూసుకోండి.

6. విదేశం వెళ్తే, ఆ దేశానికి అపోస్టిల్ కావాలా, విచారణ కావాలా అన్నది ఆ దేశపు ఎంబసీ చెప్పిందే చూడండి. పక్కింటివాళ్ళు వెళ్ళిన దేశం రూలు మీ దేశానికి సరిపోదు.

మేం ఇప్పుడు ఏం చేస్తున్నామంటే, ఆదివారం ఆదివారం కాలనీ రామాలయం అరుగు మీద కూర్చుంటున్నాం. పెళ్ళి సర్టిఫికెట్ ఉన్న జంటల్ని వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు, అందుకే ఇంటింటికీ చెప్తున్నాం. మొదట్లో ఎవరూ రాలేదు. మామ్మే కర్ర పట్టుకుని వచ్చి మా ముందు కూర్చుంది. "తాతతో నా పెళ్ళి కూడా రాయండి" అంది. తాత పోయి పదేళ్ళయింది మామ్మా అంటే, "అయితే ఏం, పెళ్ళి అయ్యింది కదా" అంది. మాకు సమాధానం దొరకలేదు. ఆ పక్కనే నిలబడ్డ ఇద్దరు కోడళ్ళు మాత్రం నవ్వుతూ ఆధార్ కార్డులు తీసి ఇచ్చారు. వాళ్ళ ఫారాలు సోమవారం సచివాలయంలో ఇచ్చేశాం.